గోడ తట్టి చూశాం, జమీన్ సంగతి అడగలేదు

మా ఖాలూజాన్ సత్తెనపల్లిలో ఇల్లు బేరమాడిన రోజు నేనూ వెంటే ఉన్నాను. గోడలు పిడికిలితో తట్టారు. మాది నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు కుంగే నేల. గుమ్మం పైన ఏటవాలు బీట కనిపిస్తే పునాది కదిలిందని పత్తి చేలలో పెరిగిన ఎవరికైనా తెలుసు. బోరు నీళ్లు నోట్లో పోసుకున్నారు, ఈసీ తీయించారు. అంతా సాఫ్. బయానా ఇవ్వబోతుంటే పక్కింటి ముసలి బూబమ్మ అంది: "బేటా, ఇది పీర్లచావిడి మాన్యం అనేది మా అత్త."

ఈసీలో లేని ఆ ముక్క కోసం ఎంత వెనక్కి వెళ్లాలో చూడండి.

గుంటూరు సర్కార్ ఒకప్పుడు నిజాం అలీఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. 1788లో కంపెనీ చేతికి పోయింది. అప్పటికే నవాబులూ, జమీందారులూ (హిందూ జమీందారులు కూడా, ఇది మరవొద్దు) మసీదు చిరాగుకీ, దర్గా ఉర్సుకీ, పీర్లకీ, ఖాజీ ఖిద్మత్‌కీ ఇనాములు రాసిచ్చి ఉన్నారు. ఈ జమీన్లలో ఏవి నిజం, ఏవి దొంగ సనదులు అని తేల్చడానికి 1858లో మద్రాసు సర్కారు ఇనాం కమిషన్ వేసింది. ఊరూరా సనదులు, అనుభవం విచారించి ప్రతి ఇనామూ ఒక పుస్తకంలో ఎక్కించారు. అదే ఇనాం ఫెయిర్ రిజిస్టర్. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఎన్ని ఎకరాలు, ఖిద్మత్ జరుగుతోందా, అన్నీ అందులో గళ్లుగా ఉంటాయి.

అసలు పేచీ ఇక్కడే. జాతీ ఇనామైతే కట్టుబడి చెల్లించి సొంతం చేసుకోవచ్చు. ఖిద్మత్ ఇనామైతే ఆ ఖిద్మత్ సాగినన్నాళ్లే. రెండింటికీ టైటిల్ డీడ్ ఇచ్చారు. రెండోదాంట్లో అప్పటి ముతవల్లీ పేరు ఉండేది, మేనేజరు హోదాలో. ఆ హోదా ముక్క మనవలకు కనబడలేదు. దాదా పేరుంది కాబట్టి దాదా ఆస్తి అనుకున్నారు. కొందరు నిజంగానే అనుకున్నారు, కొందరు అనుకున్నట్టు నటించారు. పంచుకున్నారు, అమ్మారు.

1956లో ఆంధ్ర ప్రాంత ఇనాముల రద్దు చట్టం వచ్చి రైత్వారీ పట్టాలిచ్చింది. "పట్టా వచ్చేసింది, ఇక వక్ఫ్ ఏమిటి?" అన్న వాదన అక్కడి నుంచే. దీనికి 1998లో సయ్యద్ అలీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది: ఒకసారి వక్ఫ్ అయింది ఎప్పటికీ వక్ఫే, ఇనాం చట్టం కింద వచ్చిన పట్టా దాన్ని చెరపదు. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ చేర్చాక, నిషేధ జాబితాలోకి ఎక్కిన వక్ఫ్ సర్వే నంబర్ల దస్తావేజులను సబ్ రిజిస్ట్రార్ తిరగ్గొట్టాలి. అంతకుముందు రిజిస్టరైనవి ఎన్నో!

(దస్తావేజు, దాఖలా, ఇనాం, జిరాయితీ: అన్నీ ఫార్సీ, అరబ్బీ లఫ్జులే. మన బడిలో నేర్చిన మాటలే రిజిస్ట్రార్ ఆఫీసులో వింటూ, మన కాగజ్ మనమే చదవం.)

మరి ఈసీ ఎందుకు సాఫ్‌గా వచ్చింది? ఈసీ చూపేది రిజిస్టరైన లావాదేవీలను మాత్రమే. మన దేశంలో రిజిస్ట్రేషన్ చట్టం మొదలైంది 1864లో. అంతకు ముందటి నవాబు సనదు అందులో ఎలా కనిపిస్తుంది? పైగా కంప్యూటర్ ఈసీ 1983 నుంచే. అమ్మినవాడికి హక్కుందా అని సబ్ రిజిస్ట్రార్ విచారించడు, దస్తావేజు నమోదు చేస్తాడు, అంతే.

ఖాలూ సర్వే నంబరు పట్టుకుని ఆర్‌ఎస్‌ఆర్ నకలు తీయించారు. అందులో ఇనాం అని, పక్కన టీడీ నంబరు ఉంది. ఆ నంబరుతో ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలు అడిగారు. కొన్ని వారాలు పట్టింది. వచ్చిన కాగజ్‌లో ఖిద్మత్ గడి నిండుగా ఉంది. బేరం ఆగిపోయింది.

అమ్మబోయిన ఆయన మోసగాడు కాదు. వాళ్ల అబ్బా కష్టార్జితంతో కొన్న ఇల్లది, రిజిస్టర్డ్ దస్తావేజుతో. నకలు చూపించినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "అయితే నేనిప్పుడు ఎక్కడికి పోవాలి భాయ్?" ఖాలూ దగ్గర జవాబు లేదు. ఆ జుమాకు ఇద్దరూ ఒకే సఫ్‌లో నిలబడ్డారు.