తాళం వేసిన కొండ ఇల్లు

యు.ఏ.ఇ. అంటే చాలామందికి ఎడారి గుర్తొస్తుంది. కానీ ఉత్తరాన రస్ అల్ ఖైమాలో హజర్ కొండలున్నాయి. అక్కడ జెబెల్ జైస్ ఎత్తు 1,900 మీటర్లు దాటుతుంది. వీపున సంచితో ఎక్కి, కొండ మీద రాత్రి ఉండేవాళ్ళకు దారిలో పాత రాతి ఇళ్ళు కనిపిస్తాయి.

అవి బాటసారుల కోసం కట్టినవి కావు. షిహూ, హబూస్ తెగలవాళ్ళవి. వాళ్ళు చలికాలం కొండ మీద ఉండి, వాన నీటితో గోధుమ, బార్లీ పండించేవారు. ఎండాకాలం ఖర్జూరం కోతకు, చేపల వేటకు తీరానికి దిగేవారు.

మరి ధాన్యం ఎక్కడ పెట్టాలి? దానికే ఈ ఇల్లు. పేరు బైత్ అల్ ఖుఫ్ల్, అంటే తాళం ఇల్లు. లోపలి నేల బయటి నేల కంటే లోతుగా ఉంటుంది. గోడలు మందం, తలుపు చాలా చిన్నది. లోపలి మట్టి కాగులు ఆ తలుపులో పట్టవు! ముందు కాగులు పెట్టి, తరువాత గోడలు లేపేవారు. దొంగ కాగు ఎత్తుకుపోలేడు.

మన ఊళ్ళలో ధాన్యం దాచే గొయ్యిని పాతర అంటారు. ఈ మాట నేను కొత్తగా నేర్చుకున్నాను. పని ఒకటే: మళ్ళీ వచ్చేదాకా తిండి కాపాడటం.

1972లో రస్ అల్ ఖైమా ఈ దేశంలో చేరింది. తరువాతి కాలంలో చాలా కుటుంబాలు కిందే స్థిరపడ్డాయి. గుడిలో నాతో సేవ చేసేవాళ్ళు కూడా కొందరు ఊళ్ళో ఇంటికి తాళం వేసి వచ్చినవాళ్ళే. తాళంచెవి మాత్రం దాచుకున్నారు.

మీరు ఆ కొండ మీద రాత్రి ఉంటే, పొయ్యి కోసం ఆ గోడ రాళ్ళు తీయకండి. అది ఎవరి తాతగారి ఇల్లో!