మాట మీద విడుదల: పెరోల్ ఎలా పుట్టింది, ఎక్కడ దారి తప్పింది

పెరోల్ మీద బయటికొచ్చిన ఖైదీ మళ్ళీ దొంగతనం చేశాడనో, గడువైపోయినా జైలుకి తిరిగి రాలేదనో అప్పుడప్పుడు మన ఫోన్లలో ఒక వార్త వస్తుంది. కింద కామెంట్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. "ఇలాంటివాళ్ళని అసలు బయటికి ఎందుకు వదులుతారు?" ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నవాణ్ణే. అయితే ఈ ప్రశ్న మనం కొత్తగా అడుగుతున్నది కాదు. 1862లో లండన్ నగరం మొత్తం ఇదే అడిగింది. అప్పుడు అక్కడ చెప్పుకున్న జవాబు మన తెలుగు ఊళ్ళ దాకా వచ్చింది. అది ఎలా వచ్చిందో చెప్తాను. దానికి ముందు పసిఫిక్ సముద్రంలో ఒక దీవికి వెళ్ళాలి.

అసలు పెరోల్ అనేది ఫ్రెంచి మాట. అర్థం కూడా "మాట" అనే. యుద్ధంలో పట్టుబడిన ఆఫీసరు "నేను పారిపోను" అని పరువు మీద మాట ఇస్తే, గొలుసులు వెయ్యకుండా ఊళ్ళో తిరగనిచ్చేవాళ్ళు. మాట మీద నిలబడ్డాడు, మాట తప్పాడు అని మనం అంటామే, సరిగ్గా అదే.

1811 చివర్లో బ్రిటిష్ నౌకాదళంలో అలెగ్జాండర్ మకానకీ అనే ఒక లెఫ్టినెంటు శత్రువులకి దొరికిపోయాడు. ఫ్రెంచివాళ్ళు అతన్ని వెర్డున్ ఊరికి తీసుకెళ్ళారు. 1814 దాకా అక్కడే యుద్ధఖైదీ. తర్వాత ఇంగ్లండ్ తిరిగొచ్చి, రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీకి మొదటి సెక్రటరీ అయ్యాడు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీకి మొదటి జాగ్రఫీ ప్రొఫెసర్ కూడా ఈయనే. జైళ్ళ గురించి పుస్తకాలు రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, తాను ఖైదీగా ఉండి వచ్చి ఆ తర్వాత జైలు నడిపినవాళ్ళు చాలా తక్కువ. ఇది గుర్తుపెట్టుకోండి.

1837లో ఆయన గవర్నర్‌కి ప్రైవేట్ సెక్రటరీగా టాస్మేనియా వెళ్ళాడు. బ్రిటన్ తన ఖైదీలని ఓడల్లో ఎక్కించి అక్కడికి తోలేది. అక్కడ వాళ్ళని వాడుకుంటున్న తీరు చూసి, ఇది బానిసత్వం లాంటిదే అని రిపోర్టు రాశాడు. అది లండన్‌లో అచ్చయింది. ఇక్కడ ఉద్యోగం పోయింది. అయితే ఆ రిపోర్టు చదివినవాళ్ళే, సరే, నీ పద్ధతి ఏంటో చేసి చూపించమని 1840లో ఒక దీవి అప్పగించారు. పేరు నార్ఫోక్ దీవి. ఆస్ట్రేలియా తూర్పు తీరానికి దాదాపు 1,400 కిలోమీటర్ల దూరం.

అది మామూలు జైలు కాదు. ఆస్ట్రేలియాకి పంపాక అక్కడ కూడా మళ్ళీ నేరం చేసినవాళ్ళని పడేసే చోటు. అంటే "వీళ్ళు ఇక మారరు" అని ముద్రపడ్డవాళ్ళు. కొరడా దెబ్బలు, ఇనుప గొలుసులు రోజువారీ సంగతి.

మకానకీ అక్కడ పెట్టిన పద్ధతి చాలా సింపుల్. శిక్షని ఏళ్ళలో కాకుండా మార్కుల్లో లెక్కపెట్టాడు. 7 ఏళ్ళ శిక్షకి 6,000 మార్కులు, 10 ఏళ్ళకి 7,000, యావజ్జీవానికి 8,000. కష్టపడి పనిచేస్తే మార్కులు వస్తాయి. తప్పు చేస్తే పోతాయి. అదనంగా తిండి కావాలంటే మార్కులు ఖర్చుపెట్టుకోవాలి. కొన్నాళ్ళయ్యాక ఆరుగురిని ఒక జట్టుగా కడతారు. అందులో ఒకడు తప్పు చేస్తే ఆరుగురికీ మార్కులు పోతాయి. మీకు వీడియో గేమ్ గుర్తొస్తోంది కదా? ఆయన ఆలోచన మాత్రం ఆట కాదు. ఏళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాడికి రేపటి మీద ఆశ ఉండదు. మార్కులు సంపాదించేవాడికి బయటపడే తాళం తన చేతిలోనే ఉంటుంది.

అదే ఏడాది మే 25న విక్టోరియా రాణి పుట్టినరోజు వేడుక చేశాడు. అందరినీ బయటికి వదిలేశాడు. మంచి భోజనం, రాణి పేరు మీద నిమ్మరసంలో కాస్త రమ్ము, ఖైదీలే వేసిన నాటకం, రాత్రికి బాణాసంచా. పొద్దుపోయాక బూర ఊదితే అందరూ ఎవరి బ్యారక్‌కి వాళ్ళు వెళ్ళిపోయారు. గొడవ లేదు. కానీ ఈ కబురు సిడ్నీకి చేరగానే పత్రికలు అంతెత్తున లేచాయి. ఖైదీలకి విందులా అని. ఆ ఒక్క రోజు మచ్చ ఆయన్ని చివరిదాకా వదల్లేదు. 1843లో గవర్నర్ గిప్స్ చెప్పాపెట్టకుండా దీవికొచ్చి చూసి, ఫర్వాలేదు, బాగానే ఉందని రాశాడు. అప్పటికే లండన్ నుంచి మకానకీని తీసెయ్యమని ఆర్డర్ బయల్దేరిపోయింది. ఓడలో రావాలి కదా, ఆలస్యంగా వచ్చింది, అంతే తేడా.

ఆయన వెళ్ళాక వచ్చిన అధికారి పాత పద్ధతే తెచ్చాడు. 1846 జులై 1న ఖైదీలు సొంతంగా వండుకునే గిన్నెలు లాక్కున్నారు. తిరుగుబాటు లేచింది. నలుగురు సిబ్బంది చనిపోయారు. 12 మంది ఖైదీలని ఉరితీశారు. అదే దీవి, అలాంటి ఖైదీలే.

మకానకీ కాలంలో విడుదలైనవాళ్ళలో మళ్ళీ శిక్షపడింది నూటికి ముగ్గురికి కూడా కాదని ఆయన వైపువాళ్ళు చెప్పేవాళ్ళు. ఈ అంకెని నేను పూర్తిగా నమ్మమనను. అప్పట్లో వేలిముద్రలు లేవు, పేరు మార్చుకుని ఇంకో ఊరెళ్తే పట్టుకునేవాళ్ళు లేరు. పైగా తన పద్ధతి లెక్కలు తనే చెప్పుకోవడం. మకానకీ పథకంలో అసలైన లోటు ఇంకోటి ఉంది. మార్కులు పూర్తయినవాణ్ణి వదిలేసే అధికారం ఆయనకి లేదు. వదిలాక వాడి వెంట నడిచే మనిషి కూడా లేడు.

ఆ మనిషి 1850ల్లో డబ్లిన్‌లో దొరికాడు.

1854లో ఐర్లండ్ జైళ్ళ బోర్డుకి వాల్టర్ క్రాఫ్టన్ ఛైర్మన్ అయ్యాడు. కరువు తర్వాత రోజులు, జైళ్ళు కిటకిటలాడుతున్నాయి. ఈయన మార్కుల ఆలోచన తీసుకుని దాన్ని మెట్లుగా కట్టాడు. ముందు కొన్ని నెలలు ఒంటరి గది. తర్వాత అందరితో కలిసి పని, మార్కులు. ఆ తర్వాత డబ్లిన్‌కి ఉత్తరాన లస్క్ అనే చోట సగం జైలు, సగం ఊరు లాంటి క్యాంపు. గోడ లేదు, రేకు షెడ్లు, బంజరు భూమి బాగుచేసే పని, కాపలాకి కొద్దిమందే. పారిపోవాలనుకుంటే పారిపోవచ్చు. అదే పరీక్ష.

ఇలాంటిది మన దేశంలోనూ ఉంది. 1939లో ఔంధ్ సంస్థానంలో స్వతంత్రపూర్ అని గోడల్లేని జైలు పెట్టారు. శాంతారాం తీసిన 'దో ఆంఖే బారహ్ హాథ్' దాన్ని చూసి పుట్టిన సినిమానే. దాన్నే 1976లో మన ఎన్టీఆర్‌తో 'మా దైవం'గా తీశారు. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, కథ చెప్తారు.

సరే, డబ్లిన్‌కి వద్దాం. లస్క్ దాటినవాడికి "టికెట్ ఆఫ్ లీవ్" ఇస్తారు. శిక్ష ఇంకా మిగిలే ఉంది, కానీ షరతుల మీద బయట ఉండొచ్చు. తప్పు చేస్తే వెనక్కి. ఇవాళ్టి పెరోల్‌కి తాతలాంటిది. ఇక్కడ జేమ్స్ ఆర్గన్ అనే ఒక మాస్టారు ఉన్నాడు. కూలిపనివాళ్ళకి సాయంత్రం బడి నడిపేవాడు. క్రాఫ్టన్ ఆయన్ని తెచ్చి ఖైదీలకి పాఠాలు చెప్పమన్నాడు. తర్వాత విడుదలైనవాళ్ళని చూసుకునే ఇన్స్పెక్టర్ ఉద్యోగం ఇచ్చాడు.

ఆర్గన్ చేసిన పని చెప్తే చాలా మామూలుగా అనిపిస్తుంది. డబ్లిన్ చుట్టుపక్కల వర్క్‌షాపులు, పొలాలు తిరిగి యజమానుల తలుపు కొట్టేవాడు. "నా దగ్గర ఒక మనిషి ఉన్నాడు, జైలు నుంచి వచ్చాడు, పని ఇస్తారా" అని అడిగేవాడు. సంగతి దాచేవాడు కాదు. చాలామంది మొహం మీదే తలుపేశారు. మళ్ళీ వెళ్ళేవాడు. ఒకరు ఒప్పుకుని, ఆ పనివాడు బాగా చేస్తే, అదే యజమాని ఇంకొకణ్ణి అడిగేవాడు. తర్వాత క్రమం తప్పకుండా వెళ్ళి ఎలా ఉన్నాడో చూసేవాడు. పోలీసు డ్రెస్సులో కాదు, మాస్టారులాగే. డబ్లిన్ బయట పల్లెల్లో ఉన్నవాళ్ళు మాత్రం పోలీసులకే హాజరు చెప్పుకోవాలి.

ఐర్లండ్ పద్ధతి గెలిచింది అని అప్పట్లో చాలామంది రాశారు. పూర్తిగా నిజం కాదు. కరువు గడిచాక నేరాలే తగ్గాయి, విడుదలైనవాళ్ళలో ఎంతోమంది ఓడెక్కి దేశం దాటిపోయారు. ఇంగ్లండ్ జైలు అధికారులు అప్పుడే ఈ మాట అన్నారు. అది వాళ్ళ అసూయ అని కొట్టిపారేయలేం. అయినా ఒక తేడా మాత్రం కాదనలేనిది. అవతల ఇంగ్లండ్‌లో అదే టికెట్ ఇచ్చారు గానీ ఆర్గన్ లాంటివాడు లేడు.

ఇంగ్లండ్‌లో 1853 దాకా పెద్ద నేరం చేసినవాణ్ణి ఓడెక్కించి పంపేస్తే పోయేది. టాస్మేనియా "మాకొద్దు" అన్నాక ఇంట్లోనే ఉంచుకోవాల్సి వచ్చింది. వాళ్ళకీ టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. టికెట్ మీద షరతులు అచ్చువేశారు గానీ వాటిని పట్టించుకున్నవాళ్ళు లేరు. పోలీసులు వెంటపడితే యజమానికి తెలిసి ఉద్యోగం పోతుంది. వెంటపడకపోతే మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. చేతిలో కాగితం తప్ప ఇంకేం లేదు.

1862 జులైలో జేమ్స్ పిల్కింగ్టన్ అనే ఎంపీ రాత్రిపూట పార్లమెంటు నుంచి నడిచి క్లబ్బుకి వెళ్తుంటే, వెనక నుంచి మెడ నొక్కి వాచీ లాక్కుపోయారు. అంతే. పత్రికలకి పండగ. ప్రతి దారిదోపిడీ మొదటి పేజీ వార్తే. మెడకి ముళ్ళ పట్టీ కట్టుకుని తిరిగే పెద్దమనుషుల కార్టూన్లు వచ్చాయి. తప్పంతా టికెట్ వాళ్ళదే అని తేల్చేశారు. సోషల్ మీడియా లేని రోజుల్లో కూడా వైరల్ అంటే ఇదే. 1863లో ఇలాంటి దోపిడీలకి కొరడా దెబ్బల శిక్ష మళ్ళీ తెచ్చారు.

విచిత్రం ఏంటంటే, అదే 1863లో లండన్‌లో మొదలైన 'ది టికెట్ ఆఫ్ లీవ్ మ్యాన్' అనే నాటకం 400 రాత్రులు దాటి ఆడింది. అందులో హీరో జైలు నుంచి వచ్చి బుద్ధిగా పనిచేసుకుంటుంటే, గతం బయటపడి ఉద్యోగం పోతుంది. జనం పగలు పేపర్ చదివి తిట్టారు, రాత్రి నాటకం చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. మనమూ అంతే కదా.

1864లో కొత్త చట్టం వచ్చింది. ఐర్లండ్‌ని చూసి నేర్చుకున్నాం అన్నారు. నేర్చుకున్నది ఏంటంటే, టికెట్ మీద బయటున్న మగవాళ్ళు నెలకోసారి పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. ఆర్గన్ చేసిన పనిని దాతల సంఘాలకి వదిలేసి, రిజిస్టర్ మాత్రం ప్రభుత్వం తీసుకుంది. 1869లో పాత నేరస్థుల జాబితా పెట్టారు. 1871లో ఇంకా గట్టి చట్టం.

సరిగ్గా అదే 1871లో మన దేశంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. ఇంగ్లండ్‌లో కనీసం ఒకసారి శిక్షపడ్డవాడి పేరు రిజిస్టర్‌లో రాసేవాళ్ళు. ఇక్కడ కులం మొత్తం పేరు రాశారు. ఏ నేరమూ చెయ్యని మనిషి కూడా పుట్టుకతోనే పెరోల్ మీద ఉన్నట్టు లెక్క. 1911 చట్టంతో ఇది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల కుటుంబాలని తెచ్చి పెట్టిన స్టువర్టుపురం మీకు సినిమాల వల్ల తెలుసు. సినిమాల్లో దొంగల ఊరే కనిపిస్తుంది. హాజరు చెప్పుకోవాలి, చెప్పకుండా ఊరు దాటితే అదే నేరం, ఆ నేరానికి శిక్ష పడితే చూశారా, వీళ్ళు మారరు అని ఇంకో లెక్క. ఇది మాత్రం సినిమాల్లో పెద్దగా కనిపించదు. ఆ చట్టం 1952లో పోయింది. రిజిస్టర్ భాష మాత్రం పోలేదు. మనం సరదాగా వాడే "కేడీ" అన్న తిట్టు కూడా పోలీసు రికార్డుల్లోని కె.డి. అనే రెండక్షరాల నుంచి వచ్చిందే.

ప్రొబేషన్ గురించి ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. చాలామంది పెరోల్, ప్రొబేషన్ ఒకటే అనుకుంటారు. పెరోల్ జైలుకి వెళ్ళినవాడికి. ప్రొబేషన్ జైలుకే పంపకుండా, ఒక ఆఫీసర్ చూపులో ఇంటి దగ్గరే ఉంచడం. 1841లో బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన, కోర్టులో ఒక తాగుబోతుకి తానే పూచీ ఉండి ఇంటికి తీసుకెళ్ళడంతో ఇది మొదలైంది. మద్రాసు రాష్ట్రం 1936లోనే దీనికి చట్టం చేసింది, అంటే అప్పటి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకి కూడా. దేశం మొత్తానికి 1958లో వచ్చింది.

ఆ 1958 చట్టం ఫోన్‌లోనే దొరుకుతుంది, 14వ సెక్షన్ తీసి చూడండి. ప్రొబేషన్ ఆఫీసర్ చెయ్యాల్సిన పనుల జాబితా అది. కోర్టుకి రిపోర్టు ఇవ్వడం, మనిషి మీద కన్నేసి ఉంచడం ఉన్నాయి. వాటితోపాటు, అవసరమైతే అతనికి తగిన ఉద్యోగం వెతికిపెట్టడానికి ప్రయత్నించాలి అని కూడా ఉంది. డబ్లిన్‌లో ఆర్గన్ మాస్టారు తలుపులు కొట్టింది ఆ పనికే.