తోట కొలనులు, ఫౌంటెన్లు: విద్యుత్ ప్రమాదాల నివారణ

శివనసముద్రం వద్ద కావేరి జలపాతం నుంచి ఉత్పత్తి అయిన విద్యుత్తు 1905లో బెంగళూరు వీధులకు చేరింది. నీటిలో పుట్టిన ఆ శక్తిని ఇప్పుడు నగరవాసులు తమ పెరటి నీటిలోకే తిరిగి దించుతున్నారు. వరండా ముందు కలువల తొట్టి, అపార్ట్‌మెంటు గేటు వద్ద ఫౌంటెన్, రంగుచేపల కొలను నేడు సర్వసాధారణమైనాయి. మడకశిర, హిందూపురం, కుప్పం ప్రాంతాల నుంచి వెళ్లి అక్కడ ఇండ్లు కట్టుకున్న కుటుంబాలకూ ఈ ముచ్చట తక్కువేమీ కాదు. అయితే ఆ నీటిలోని చిన్న మోటారు 230 వోల్టులతో నడుస్తున్నదన్న సంగతి చాలామందికి స్ఫురించదు.

2023 డిసెంబరు చివర బెంగళూరు వర్తూరు ప్రాంతంలోని ఒక నివాస సముదాయంలో ఈతకొలను వద్ద ఒక బాలిక మరణించింది. విద్యుదాఘాతమే కారణమన్న కేసులో 2024 ఫిబ్రవరిలో అరెస్టులు జరిగినాయి. అది ఈతకొలనే గాని, ప్రమాద స్వభావం తోట కొలనుకూ సమానమే.

తడిసిన శరీరం విద్యుత్ ప్రవాహానికి చూపే నిరోధం సుమారు 1000 ఓములకు పడిపోవచ్చును. అట్టి శరీరానికి 230 వోల్టులు తగిలితే 230 మిల్లీ యాంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. 10 మిల్లీ యాంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేని స్థితి ఏర్పడవచ్చును; 50 దాటితే కొద్ది క్షణాల్లోనే గుండె లయ తప్పే ప్రమాదమున్నది. ఇంటి బోర్డులోని ఎంసీబీ 16 యాంపియర్లదైతే, అంటే 16,000 మిల్లీ యాంపియర్లదైతే, ఈ 230 దానికి లెక్కలోనికే రాదు. ఎంసీబీ వైర్లు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. ఈ తేడా తెలియకపోవడమే అనేక అనర్థాలకు మూలం.

మనిషిని కాపాడే పరికరం వేరు. దానిని ఆర్‌సీసీబీ అంటారు. ఎలక్ట్రీషియన్లు పాత అలవాటు కొద్దీ ఈఎల్‌సీబీ అంటుంటారు. ఫేజ్ వైరులో వెళ్లిన విద్యుత్తు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రానిపక్షంలో, ఆ తేడాను గుర్తించి సరఫరాను తెంచివేయడం దీని పని. కొలను సర్క్యూటుకు 30 మిల్లీ యాంపియర్లది ప్రత్యేకంగా అమర్చుకోవాలి. 100 లేదా 300 మిల్లీ యాంపియర్లవి ప్రాణరక్షణకు చాలవు. దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కినప్పుడు పడిపోకపోతే ఆ పరికరం గోడకు అలంకారమే.

ఎర్తింగు విషయంలో ఒక అపోహ ఉన్నది. గుంత తవ్వి కడ్డీ పాతితే చాలునని భావిస్తారు. ఎండిన నేలలో ఆ కడ్డీ నిరోధం 50 ఓములుంటే, లోపం ఏర్పడినపుడు ప్రవహించేది 4.6 యాంపియర్లు మాత్రమే. ఎంసీబీ కదలదు, మోటారు లోహపు తొడుగులో విద్యుత్తు అలాగే నిలిచి ఉంటుంది. కావున ఎర్తింగు, ఆర్‌సీసీబీ రెండూ ఉండవలసిందే. ఒకటి రెండవదానికి ప్రత్యామ్నాయం కానేరదు.

ఇన్వర్టరు సంగతి తరచుగా మరుగున పడుతుంది. మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీ ఇన్వర్టరుకు ముందే ఉన్నట్లయితే, కరెంటు పోయినపుడు బ్యాటరీ నుంచి వచ్చే విద్యుత్తుపై దాని కాపలా ఉండదు. కొలను మోటారును ఇన్వర్టరు లైనుకు కలపకపోవడమే మేలు. చేపలకు గాలి అవసరమైతే, పొడిచోట ఉంచే ఎయిర్ పంపు నుంచి గొట్టం మాత్రమే నీటిలోకి వేయవచ్చును.

నీటిలోని దీపాలకు 12 వోల్టులవే ఉత్తమం. అయితే వాటి ట్రాన్స్‌ఫార్మరు ఐసొలేటింగ్ రకమై ఉండాలి, కొలనుకు కనీసం రెండు మీటర్ల దూరాన, వాన తగలని చోట ఉండాలి. నీటిలో మునిగే పరికరాలపై ఐపీ 68 గుర్తు చూసి కొనాలి. ఐపీ 44 అన్నది తుంపరలకు సరిపోతుందే గాని మునకకు పనికిరాదు. మోటారు వైరు పొట్టిదైనపుడు మధ్యలో అతుకు వేసి నల్లటేపు చుట్టడం మన వైపు పరిపాటి. కొద్ది నెలల్లో ఆ టేపు జిగురు వదలి నీటిని లోనికి రానిస్తుంది. పొడవైన వైరు గల మోటారునే కొనాలి. గడ్డిలో పరచిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఏ పరిస్థితిలోనూ తగదు.

కొలనులో చేయి పెట్టేముందు స్విచ్ కట్టడం చాలదు. వైరింగులో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే, స్విచ్ కట్టినా మోటారుకు ఫేజ్ అందుతూనే ఉంటుంది. ప్లగ్గు ఊడదీయాలి, లేదా రెండు వైర్లనూ తెంచే డబుల్ పోల్ స్విచ్ వాడాలి. నీటిని వేలితో తాకి చూసి నిర్ధారించుకునే అలవాటు కొందరు పనివారికి ఉన్నది. దానిని వెంటనే మానిపించాలి.

ఎవరైనా నీటిలో విద్యుదాఘాతానికి గురైతే తక్కినవారు నీటిలోకి దిగరాదు. మొదట మెయిన్ స్విచ్ కట్టి, తరువాతనే బాధితుని బయటకు తీయాలి. శ్వాస లేకపోతే ఛాతీ మధ్యభాగాన్ని నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా అదుముతూ 108కి కబురు చేయాలి. స్తంభం నుంచి తెగిన తీగ కొలనులో పడినచో దూరంగా ఉండి 1912కు తెలియజేయాలి.