కూర్పుగదిలో యంత్రవైద్యము

గోలకొండ కోటకు కుతుబ్‌షాహీల కాలమున త్రాగునీరిచ్చినదని ప్రసిద్ధి గాంచిన దుర్గము చెరువు నానుకొని, గ్రానైటు గుట్టల నడుమ ఒదిగియుండిన రాయదుర్గము, రెవెన్యూ దస్తరములలో నేటికిని పన్మక్తా యనియు నౌఖల్సా యనియు పాతకాలపు పేర్లతోనే వ్యవహరింపబడుచున్నను, 1998 నవంబరు 22వ తేదీన ప్రధాని అటల్ బిహారీ వాజపేయి పొరుగుననే యున్న మాదాపురమున సైబర్ టవర్సును ప్రారంభించిన నాటినుండి క్రమక్రమముగా గాజుమేడల సీమగా మారినది. భూముల ధరలను గూర్చియు, ఎగుమతుల లెక్కలను గూర్చియు, 2019లో ఇచ్చటివరకు వచ్చిన మెట్రో రైలును గూర్చియు వ్రాసినవారు పలువురు గలరు. ఆ మేడలలోను, కొంత దూరమున సినిమా పనివారు నివసించు కృష్ణానగరు, యూసుఫ్‌గూడ సందులలోను, బొమ్మను శబ్దమును కూర్చు కంప్యూటరు నడిరాత్రి మొరాయించినపుడు దానిని తెల్లవారులోగా నడపించిన వారి విద్యకు మాత్రము చరిత్రలో దక్కిన చోటు బహు స్వల్పము.

ఈ విద్య పుట్టుక తెలియవలెనన్న ఫిలిము కాలమునకు పోవలెను. తెలుగు చిత్రసీమ మదరాసునుండి హైదరాబాదునకు కొంచెము కొంచెముగా తరలివచ్చుచు, అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలసి, 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైన నాటికి కూర్పు (ఎడిటింగు) అనగా చేతిపని. 35 మిల్లీమీటర్ల ఫిలిములో అడుగునకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు పరుగెత్తును. వేయి అడుగుల రీలు పదునొకండు నిమిషములలో ముగియును. జాయింటు ఊడినను, అంచు రంధ్రము చిరిగినను, గీత పడినను, సహాయకుడు దీపమునకెదురుగా పట్టి చూచి, వ్రేలితో తడవి, దోషమున్న చోటును తెలిసికొనెడివాడు. లోపము కంటికి కనబడెడిది. కనబడిన దానిని కత్తిరించి అతికించినచో చాలెడిది.

1989లో అమెరికాలో కంప్యూటరుపై కూర్పు చేయు అవిడ్ యంత్రము వెలువడి, 1994లో విడుదలైన 'మహానది' భారతదేశమున ఆ యంత్రముపై కూర్చిన తొలి చిత్రమని చెప్పుకొనునంతలో, 1995లో ఈటీవీ వంటి ప్రయివేటు తెలుగు చానళ్లు పుట్టి దినదినము గంటలకొలది కార్యక్రమములను కోరుచుండగా, హైదరాబాదు కూర్పుగదులలోనికి కంప్యూటరు వచ్చి కూర్చున్నది. అప్పటినుండి లోపము కంటికి మరుగైనది. తెర నిలిచిపోయినపుడు కారణము డిస్కుననున్నదో, తీగలోనున్నదో, కార్డులోనున్నదో, సాఫ్ట్‌వేరులోనున్నదో చూచి చెప్పగలుగుట పోయి, ఊహించి పరీక్షించి తేల్చవలసిన పని యేర్పడినది. రోగి చెప్పలేని బాధను నాడి పట్టి కనుగొను వైద్యునివంటి పనివాడొకడు స్టూడియోకు అవసరమైనాడు.

అయితే ఈ వైద్యము విరివిగా వ్యాపించినది పెద్ద స్టూడియోలవలన కాదు, పెండ్లి వీడియోలవలన. 1995లో డీవీ యను డిజిటల్ వీడియో క్యాసెట్ల పద్ధతి వచ్చి, ఫైర్‌వైరు తీగతో కెమెరాను నేరుగ కంప్యూటరునకు కలుపు సౌకర్యమేర్పడిన పిదప, జిల్లా కేంద్రములలో సైతము 'మిక్సింగు' గదులు వెలసినవి. సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునుండి విడిభాగములు కొని తెచ్చుకొని, తామే బిగించుకొని పని సాగించిన ఆ తరము ఎదుర్కొన్న ఒక చిక్కును కొంచెము వివరముగా చెప్పుట అవసరము. విండోస్ 98 నడుచు యంత్రమున క్యాసెట్టును ఎక్కించుచుండగా సరిగా 19 నిమిషములకు క్యాప్చరు ఆగిపోయెడిది. డిస్కు చెడినదని మార్చినను, క్యాసెట్టు మార్చినను, మరల అదే 19 నిమిషములు. చెడిన వస్తువు ఎప్పుడు పడిన అప్పుడు ఆగును గాని గడియారము చూచి ఆగదు. కనుక ఇది చెడుట కాదు, ఎక్కడనో ఒక హద్దు తగులుట యని గ్రహించినవాడు సగము గెలిచినట్లే. డీవీ సెకనుకు సుమారు 3.6 మెగాబైట్లు మింగును. నాటి డిస్కులపై ఫైళ్లను దాచిన ఫ్యాట్32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీని మించజాలదు. ఈ రెంటిని భాగించిన వచ్చునది ఆ 19 నిమిషములే. విండోస్ ఎక్స్‌పీ వచ్చి, డిస్కును ఆ హద్దు లేని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చుకొనిన తోడనే ఆ చిక్కు సమసిపోయినది.

మాటకును పెదవులకును పొత్తు కుదరకపోవుట, అనగా సింకు పోవుట, ఈ వృత్తిలో అన్నింటికన్న పాత జబ్బు. ఫిలిము నాడును ఉండెడిది, నేడును గలదు. దానిని పట్టుకొను తీరునందు ఈ విద్యయొక్క సౌందర్యమంతయు గలదని నేను తలచుచున్నాను. తెలిసిన పనివాడు వెంటనే ట్రాకును జరుపడు. మొదట, నడుమ, కడపట మూడు చోట్ల ఎడమును కొలిచి చూచును. మూడు చోట్లను ఒకే ఎడమున్నచో ఆరంభపు గుర్తు తప్పినదని అర్థము. ట్రాకు జరిపిన చాలును. ఎడము క్రమముగా పెరుగుచున్నచో కెమెరా గడియారమును రికార్డరు గడియారమును సమముగా నడచుట లేదని తెలియును. పది లక్షలలో ఇరువది భాగముల తేడా యున్నను గంట గడచుసరికి 72 మిల్లీసెకన్లు, అనగా టీవీ లెక్కన దాదాపు రెండు ఫ్రేములు తొలగును. కంఠస్వరమే కీచుగా మారి, గంట మాట యేబదియైదు నిమిషములకే ముగిసినచో, 44,100 నమూనాలతో రికార్డయిన శబ్దమును యంత్రము 48,000గా చదువుచున్నదని నిశ్చయము. ఇట్లు కాక ఎడము అక్కడక్కడ ఎగిరిపడుచున్నచో క్యాప్చరులో ఫ్రేములు జారిపోయినవనియో, బొమ్మ మొబైలు ఫోనుతో తీయబడి దాని వేగము నిలుకడగా లేదనియో గ్రహించి, దానిని ముందుగా స్థిరవేగమునకు మార్చి పిదప కూర్పుబల్లకెక్కించును. బడిలో భౌతికశాస్త్రము చదువని వారెందరో ఈ విచారణక్రమమును అభ్యాసముననే సాధించిరి.

ర్యామును ఊడదీసి దాని బంగారు అంచును పెన్సిలు రబ్బరుతో తుడిచి మరల బిగించుట, శబ్దములో గుంయిమను హోరు వినబడినచో ల్యాప్‌టాపు ఛార్జరును పీకి చూచి, హోరు ఆగినచో ఎర్తింగు దోషమని తేల్చి అన్నింటిని ఒకే బోర్డునకు కలుపుట, పని నడుమ సాఫ్ట్‌వేరును ఎంతమాత్రము అప్‌డేటు చేయకుండుట మొదలైనవి గురువులు నోటిమాటగా చెప్పి శిష్యులు చేతితో నేర్చిన నియమములు.

గ్రాఫిక్సు విస్తరించిన పిదప ఒక కంప్యూటరు స్థానమున వందల కంప్యూటర్లు వరుసలు తీరినవి. హైదరాబాదున శాఖ నెలకొల్పిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' దృశ్యప్రభావములకు ఆస్కారు పొందినది. ఆ నెలలోనే దివాలా అర్జీయు వేసినది. 'ఈగ', 'బాహుబలి' చిత్రములకు పనిచేసిన మకుట సంస్థయు ఈ నగరముననే వర్ధిల్లినది. ఇట్టి చోట్ల దృశ్యమును ఒక్క ఫైలుగా కాక విడివిడి బొమ్మలుగా రెండరు చేయు (యంత్రముచే గీయించు) ఆచారము గలదు. నిమిషమునకు 1,440 బొమ్మలు; తొమ్మిదివందలవ బొమ్మ దగ్గర యంత్రము కూలినను అంతవరకు అయినది భద్రము, మిగిలినది మాత్రమే మరల చేయవలెను. రాత్రంతయు నడచిన పని ఒక్క క్షణమున బూడిదైన దుఃఖమునుండి పుట్టిన ఆచారమిది.

ఏ లోపము కనబడినను 'ఫార్మాట్ కొట్టేద్దాం' అను అలవాటు ఈ విద్యకు కలిగిన పెద్ద కీడని నా నిశ్చితాభిప్రాయము. యంత్రము నడచును గాని కారణము తెలియదు. తెలియని కారణము మరల వచ్చును, వచ్చినపుడు దానిని ఎదుర్కొను జ్ఞానము మాత్రముండదు. ఒకమారు ఒక్కటే మార్చి చూచుట, చూచిన దానిని నోటుపుస్తకమున వ్రాయుట పాత పనివారి పద్ధతి. ఆ నోటుపుస్తకములు చెనాయ్ సెంటరు దుకాణముల అరలలోను, మూతపడిన మిక్సింగు గదులలోను చెదపురుగుల పాలు కాకుండ సేకరింపవలెను.

యానిమేషను, గేమింగు రంగములకై ఇమేజ్ టవరునకు 2017లో శంకుస్థాపన జరిగినదియు రాయదుర్గముననే. క్రొత్త పరికరములు చేసి చూచుకొనుటకు టీ-వర్క్సు 2023 మార్చిలో ప్రారంభమైనదియు ఇచ్చటనే. ఈ రెంటిలో నొకచోట ఒక గది పాత డీవీ డెక్కులకును, ఫైర్‌వైరు కార్డులకును, వాటిని నడుపనెరిగిన పనివారికిని కేటాయింపుమని పెద్దలను ప్రార్థించుచున్నాను. పాఠకులారా, 1998 మొదలు పదిపదునైదేండ్ల మీ యింటి పెండ్లిండ్లు, పెద్దల కంఠస్వరములు ఆ చిన్న క్యాసెట్లలోనే యున్నవి. క్రొత్త కంప్యూటర్లకు ఫైర్‌వైరు ద్వారము లేదు. ఆ పని తెలిసినవారు ఇంకను మన నడుమనున్న యీ కాలముననే వాటిని ఎక్కించి దాచుకొనుడు.