రేవు దాటిన కాగితం: కోనసీమలో ఉన్నత విద్య, సమాచార సాంకేతికత

విశ్వవిద్యాలయాల బోధన, పరిశోధన, పరిపాలనల్లో సమాచార సాంకేతికత ఏ మార్పులు తెచ్చిందో ఈ పాఠ్యభాగంలో కోనసీమ చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం. ముందుగా పటం తీసి చూడండి. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రం హద్దుగా అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు కనిపిస్తాయి. వైనతేయ పాయ ఈ భూభాగాన్ని మళ్లీ చీలుస్తుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ లంకల సీమకు కాలువ నీరు, వరి పంట తెచ్చింది. విశ్వవిద్యాలయం మాత్రం ఏటికి అవతలే ఉండిపోయింది.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమే చాలాకాలం ఇక్కడి కళాశాలలకు పెద్ద దిక్కు. అమలాపురంలోని శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాలలో చదివినవారికి కూడా ఒరిజినల్ డిగ్రీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, రీవాల్యుయేషన్ వంటి పనులకు కాగితం విశాఖపట్నం వెళ్లి రావలసిందే. అది రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. యానాం–ఎదుర్లంక వారధి రాకముందు కాకినాడ వైపు వెళ్లాలంటే రేవులో పంటు ఎక్కాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. సమాచార సాంకేతికత అనగానే మనకు కంప్యూటరు గుర్తుకొస్తుంది. కానీ దాని అవసరం ఏమిటో అర్థం కావాలంటే ఈ కాగితం ప్రయాణాన్ని ఊహించుకోవాలి.

దూరాన్ని తగ్గించే తొలి ప్రయత్నాలు తపాలా ద్వారా జరిగాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆచార్య జి. రాంరెడ్డి తొలి ఉపకులపతి. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్మీడియట్ చదవనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చునన్నది ఆనాటికి సాహసమే. అచ్చు పుస్తకం, అధ్యయన కేంద్రంలో తరగతులు, ఆకాశవాణి పాఠాలు దీనికి ఆధారాలు. రేడియో ఏరు దాటి వచ్చేది. అయితే శ్రోతకు సందేహం వస్తే అడిగే వీలు లేదు. తప్పిపోయిన పాఠం మళ్లీ చేతికి దొరకదు. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో విద్యా కార్యక్రమాలు ప్రారంభించినా, అవి ప్రధానంగా ఇంగ్లీషులో సాగాయి. తెలుగు మాధ్యమం విద్యార్థికి వాటివల్ల కలిగిన మేలు తక్కువే అనాలి.

పరిపాలన సంగతి వేరు. తరగతి గది కంటే ముందు కంప్యూటరు కుదురుకున్నది పరీక్షల విభాగంలోనే. పత్రికలో అచ్చయిన నంబర్ల వరుసల్లో తమ నంబరు వెతుక్కున్న తరం మీ ఊళ్లో ఇంకా ఉంది. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడి కోనసీమ కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి. ఆ తరవాత ఫలితాలు, హాల్ టికెట్లు తెరమీదికి వచ్చాయి. 2020–21 నుంచి రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు కూడా ఆన్‌లైన్‌లోనే. ప్రయాణం తగ్గింది, నిజమే. కొత్త చిక్కు మరోచోట మొదలైంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే మనిషి చూసి ఒకరేనని గుర్తుపడతాడు. ఆ వివేకం సాఫ్ట్‌వేర్‌కు రాసిపెడితే తప్ప రాదు. అప్పుడు విద్యార్థి మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి.

పరిశోధన విషయానికి వద్దాం. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలపడానికి యూజీసీ 1991లో ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ను ప్రారంభించింది. 2009 నిబంధనల తరవాత పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు శోధ్‌గంగలో చేరసాగాయి. రాజోలులో కూర్చుని విశాఖపట్నంలో సమర్పించిన గ్రంథాన్ని చదవడం సాధ్యమైంది. ఇక్కడ తెలుగువారు ఒక లోపం గమనించాలి. యూనికోడ్ 1991 నాటి తొలి రూపంలోనే తెలుగుకు చోటిచ్చినా, మన అచ్చు పని చాలాకాలం అను వంటి ఫాంట్లలో సాగింది. వాటిలో కంటికి తెలుగు కనిపిస్తుంది. ఫైలు లోపల ఉండేవి వేరే సంకేతాలు. అలాంటి ఫైలులో ‘గోదావరి’ అని వెతికితే ఏమీ దొరకదు. ఆచార్య రాజ్ రెడ్డి చొరవతో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు భద్రపడ్డాయి, కానీ పేజీల చిత్రాలుగా. ఇంగ్లీషులో పరిశోధించేవారు ఒక్క మాటతో వెతుక్కుంటుంటే తెలుగు పరిశోధకులు పేజీలు తిప్పుతూనే ఉన్నారు. నా దృష్టిలో కోనసీమకు మిగిలిన దూరాల్లో ఇదే పెద్దది.

తీగల సంగతి చూస్తే కోనసీమ వెనకబడలేదు. సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామం 2016 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ తొలి గ్రామాల్లో ఒకటిగా వార్తల్లోకి వచ్చింది. కేబులును భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగడంవల్ల ఖర్చు తగ్గింది. మోరికి చెందిన ఆచార్య సాలొమన్ డార్విన్ తాను పనిచేసే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ తరఫున ఇక్కడ స్మార్ట్ విలేజ్ పరిశోధన నడిపారు. చదువు కోసం ఏరు దాటిన సీమకు ఒక విశ్వవిద్యాలయం సముద్రాలు దాటి రావడం చరిత్రలో చిన్న విశేషం కాదు.

ఆ తరవాత 2020లో కరోనా తరగతిని ఫోన్‌లోకి తెచ్చింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో హింస జరిగింది. జిల్లాలో ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపివేశారు. ఇంటినుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం గోదావరి గట్టుకు చేరిన వార్తలు పత్రికల్లో వచ్చాయి. పాఠం, దరఖాస్తు, ఫీజు చెల్లింపు అన్నీ ఒకే తీగ మీద ఆధారపడితే, అది ఆగిన రోజు విద్యార్థి మళ్లీ రేవుకే వెళ్లాలి.

అభ్యాసం: 1990కి ముందు డిగ్రీ చదివినవారిని మీ ఊళ్లో ఒకరిని కలవండి. ఫలితం ఎలా తెలిసింది, సర్టిఫికెట్ కోసం ఎన్ని రోజులు తిరిగారు, ఎంత ఖర్చయింది అడిగి, మీ అనుభవంతో పోలుస్తూ రెండు పేజీలు రాయండి.