గర్భాశయముఖపు రాచపుండు: ఖమ్మము నేర్పిన పాఠము

స్త్రీల రోగములను గూర్చి నోరు విప్పుట మన దేశమున చిరకాలముగా సిగ్గుమాలినపనిగా నెంచబడుచున్నది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతములందు ఒడిలో చాట పెట్టుకొని దినమెల్ల బీడీలు చుట్టుచు సంసారమును నడపు స్త్రీలు, తెల్లబట్ట, అకాల రక్తస్రావము మొదలగు బాధలను కన్నతల్లికైనను చెప్పుటకు వెనుదీయుదురు. అట్టి మౌనమున పెరుగు వ్యాధులలో గర్భాశయముఖపు కాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండనునది, ముఖ్యమైనది. 2022లో మన దేశమున దీనివలన సుమారు 80 వేలమంది స్త్రీలు మరణించిరని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ అంచనా. ఇది విధివ్రాత కాదు. కారణము తెలిసిన వ్యాధి, నివారణ తెలిసిన వ్యాధి. తెలిసియు నిది మనల నేల వీడకున్నదో విచారింపవలసియున్నది.

1842లో ఇటలీదేశపు వెరోనా నగరమున రిగోనీ స్టెర్న్ అను వైద్యుడు మరణముల పట్టికలను పరిశీలించి, ఈ వ్యాధి వివాహితలలో నెక్కువగను, సన్యాసినులలో మిక్కిలి యరుదుగను ఉన్నదని కనుగొనెను. దాంపత్య సంపర్కమున సోకునదేదో దీనికి మూలమను సూచన అందు గలదు. ఆ సోకునదేదో తేలుటకు నూటనలుబది యేండ్లు పట్టెను. జర్మనీదేశమున హరాల్డ్ త్సూర్ హౌసెన్, ఇతరులు వేరొక వైరసును శంకించుచుండగా, పులిపిరికాయలను కలిగించు పాపిలోమా వైరసు జాతినే పట్టుకొని వెదకెను. ఆయనయు, ఆయన సహచరులును 1983లో 16వ రకమును, 1984లో 18వ రకమును ఈ పుండ్లనుండియే వెలికిదీసిరి. 2008లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను.

ఈ వైరసులందు రెండు వందలకు పైగా రకములు గలవు. అన్నియు నొక్కటి కావు. 6, 11 రకములు పులిపిరులను మాత్రమే కలిగించును. సుమారు పదునాలుగు రకములు అపాయకరములు. అందు 16, 18 రకములే లోకమునందలి ఈ కాన్సర్లలో నూటికి డెబ్బదింటికి కారణములు. 2005లో ప్రకటింపబడిన ఆంధ్రప్రదేశ్ పరిశోధనయందును, వైరసు కనబడిన పుండ్లలో మూడింట రెండు పాళ్లు 16వ రకమువే. ఇవి జీవకణమును అదుపునందుంచు కాపరులవంటి మాంసకృత్తులను నిర్వీర్యము చేయును. అయినను సోకిన స్త్రీలలో అత్యధికులకు ఒకటి రెండేండ్లలో నదియే తొలగిపోవును. తొలగక నిలిచినచోట పుండగుటకు సాధారణముగా పదునైదు, ఇరువదియేండ్లు పట్టును. అనగా ప్రకృతియే మనకు గడువిచ్చియున్నది. మరియొక మాట. భర్తకు తెలియకయే భర్తనుండి భార్యకు సోకు వైరసిది. దీనిని స్త్రీ శీలముతో ముడివెట్టుట కేవలము అజ్ఞానము.

2006లో టీకా వెలువడెను. మన తెలుగునేలకు నది వచ్చిన తీరు విషాదకరము. 2009 జూలైలో, పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములందు 10 మొదలు 14 ఏండ్లలోపు బాలికలకు గార్డసిల్ అను టీకా వేయించిరి. అట్టిదే గుజరాతులోని వడోదరలోను జరిగెను. టీకా పొందిన బాలికలలో రెండు రాష్ట్రములందు కలిపి ఏడుగురు మరణించిరన్న వార్త పొక్కగానే, 2010 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము కార్యక్రమమును నిలిపివేసెను. విచారణ సంఘము అయిదు మరణములకు నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు, మలేరియా కారణములని తేల్చెను. తక్కిన రెండింటి కారణము నిశ్చయముగా తేలకున్నను, టీకాతో సంబంధము కనబడలేదనెను.

అయినచో తప్పెక్కడ? అనుమతియందు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తన నివేదికలో బయటపెట్టిన లెక్క యిది: ఆంధ్రప్రదేశమున పరిశీలించిన 9,543 అనుమతిపత్రములలో 2,763 పత్రములపై తల్లిదండ్రులకు మారుగా హాస్టలు వార్డెనులు సంతకము చేసిరి, 1,948 పత్రములపై నున్నవి వేలిముద్రలు. బాలికలలో పెక్కుమంది గిరిజనుల బిడ్డలు. బీదవాని బిడ్డకు మేలుచేయుచు వానినే అడుగకుండుట దయ కాదు, అధికారము. దాని ఫలితము ననుభవించినది అధికారులు కారు. టీకా యనిన జనులకు శంక కలిగెను. దేశవ్యాప్త కార్యక్రమపుటాలోచన యేండ్లతరబడి వెనుకబడెను. ఇందుకు భిన్నముగా, 2018లో సిక్కిము రాష్ట్రము ముందుగా ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును విషయమంతయు తెలియజెప్పి, ఆపై టీకా వేయగా, నూటికి తొంబదియైదుగురికి పైగా బాలికలు పొందిరి. మందొక్కటే, అడిగిన తీరు వేరు.

టీకా వయస్సు దాటిన తల్లుల సంగతి యేమి? నిజాము రాజ్యమున మనతో కూడియుండిన ఉస్మానాబాదు జిల్లాలో లక్షకు మించిన స్త్రీలపై జరిగిన పరిశోధన 2009లో ప్రకటింపబడెను. పరీక్ష లేక విడువబడిన స్త్రీలను గూర్చి దానిపైనను విమర్శ వచ్చినమాట నిజమే. కాని ఒక్కమారు వైరసు పరీక్ష జరిపి చికిత్స చేసినచో మరణములు సగము తగ్గునని అది చూపెను. ఇట్లుండగా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల భారత స్త్రీలలో ఎన్నడైన ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను లేరు!

2022లో ప్రపంచారోగ్య సంస్థ బాలికలకు ఒక్క మోతాదు టీకాయు చాలునని చెప్పినది. సాధనములు సులభమగుచున్నవి, కొరతయైనది నమ్మకము. కావున కోరుట్లలోని బీడీకార్ఖానాల యొద్దను, సిరిసిల్ల నేతవాడలందును, మహిళాసంఘముల కూటములందును ఈ విషయము తేటతెలుగులో చెప్పవలెను. ప్రశ్నించు తల్లిని విసుగుకొనక, అనుమానించు తండ్రిని మూర్ఖుడనక, ఇరువురికిని సమాధానమిచ్చి, వారు సరేయనిన పిమ్మటనే సూది చేతబట్టవలెను. ఖమ్మపు బాలికల తల్లిదండ్రులకు మనము బాకీపడిన మర్యాద యిదియే.