దుబాసీలు, మున్షీలు

సంస్కృతంలోని 'ద్విభాషి' శబ్దం రేవుపట్టణాల వారి నోట నలిగి 'దుబాసీ' అయినది. రెండు భాషలు తెలిసినవాడనియే దాని అర్థము. కాని పదునెనిమిదవ శతాబ్దంలో మద్రాసు తీరాన మసూలా పడవ దిగిన ఆంగ్లేయునికి దుబాసీ చేసిపెట్టని పని లేదు. ఇల్లు కుదర్చడం, నౌకర్లను తేవడం, నాణేలు మార్చడం, అప్పు పుట్టించడం, చివరకు బజారులో బేరమాడడం కూడ అతని వంతే. పుదుచ్చేరిలో డూప్లేకు దుబాసీగా ఉండిన ఆనందరంగ పిళ్ళె 1736 మొదలు 1761లో మరణించేవరకు తమిళంలో వ్రాసుకొన్న దినచర్య చరిత్రకారులకు పెన్నిధి. ఆంగ్లేయుల రచనలలో మాత్రం దుబాసీ తరచు కపటిగానే కనిపిస్తాడు. ఆ ఫిర్యాదు చాలవరకు ఈ దేశంలో ఏండ్ల తరబడి ఉండియు ఇక్కడి భాష ఒక్కటైనను నేర్వనివారిదని గుర్తుంచుకొనడం మంచిది.

కాలిన్ మెకెంజీకి కూడ దేశభాషలు రావు. అయితే అతడు ఆ సంగతి దాచుకొనలేదు. ఏలూరు వాస్తవ్యుడు కావలి వేంకట బొర్రయ్య అతనికి శాసనాలను, కైఫీయతులను, వానిని భద్రపరచిన కరణాల మనస్సులను కూడ తెరిచి చూపినాడు. సైనికోద్యోగి అడిగితే పన్ను పెంచడానికే వచ్చినాడని జంకే గ్రామం, బొర్రయ్య అడిగితే పెట్టెలు విప్పినది. యౌవనంలోనే 1803లో అతడు మరణించినాడు. పదునాలుగేండ్ల తరువాత వ్రాసిన ఒక లేఖలో సయితం మెకెంజీ తన కృషికంతకు బొర్రయ్యయే ద్వారమని ఒప్పుకొన్నాడు. 1821లో మెకెంజీ పోయిన పిదప, బొర్రయ్య తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించడానికి అనుమతి కోరినాడు. ఆ కార్యానికి దేశీయుడు చాలడని కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ తలచినది. ఆ సంపుటాలలో ఎన్నింటినో సేకరించినది ఆ దేశీయుడే!

అంతకంటె కఠినమైన కథ మోహన్‌లాల్‌ది. కాశ్మీరీ పండిత కుటుంబంలో 1812లో జన్మించి, ఢిల్లీ కళాశాలలో ఆంగ్లం చదివిన తొలి విద్యార్థులలో అతడొకడు. 1832లో అలెగ్జాండర్ బర్న్స్ బొఖారాకు బయలుదేరినప్పుడు వైద్యుడు జెరార్డుతోను, సర్వేయరు మహమ్మదాలీతోను కలిసి పారశీక మున్షీగా వెళ్ళినాడు. అప్పటికి అతనికి ఇరువది ఏండ్లు. మున్షీ పని మాటకు మాట చెప్పడంతో తీరేది కాదు. లేఖలో సర్దారుకు ఒక బిరుదు తక్కువైతే దారి మూసుకొనిపోవచ్చును. ఒకటి ఎక్కువైతే పొరుగు సర్దారుకు కోపం రావచ్చును. ఉభయుల భాషా తెలిసినవానిని ఉభయులూ అనుమానించడం వింత కాదు. మోహన్‌లాల్ దారిలో హసన్ జాన్ అనే పేరుతో కూడ మసలినాడు. 1834లో లండనులో వెలువడిన గ్రంథం బర్న్స్‌ను విఖ్యాతుని చేసినది. అదే సంవత్సరం మోహన్‌లాల్ దినచర్య కలకత్తాలో అచ్చయినది. దానికి అంతటి కీర్తి దక్కలేదు.

1841 నవంబరు 2న కాబూలులో మూక బర్న్స్‌ను చంపినది. సమీపంలోనే ఉన్న మోహన్‌లాల్ ఖిజిల్‌బాష్ నాయకుని ఆశ్రయంలో బ్రతికి బయటపడినాడు. అంతటితో పారిపోలేదు. ఆంగ్ల సైన్యం నశించిన తరువాత కూడ కాబూలులోనే ఉండి రహస్యంగా లేఖలు పంపుతూ, బందీల విడుదలకు మంతనాలు సాగిస్తూ, అందుకై స్థానిక వర్తకుల వద్ద తన పేరు మీదనే అప్పులు చేసినాడు. యుద్ధం ముగిసినది, ఋణదాతలు మిగిలినారు. ఆ మొత్తంలో కొంత తన బాధ్యత కాదని కంపెనీ పేచీ పెట్టినది. పరాజయానికి లెక్క చెప్పవలసివచ్చిన వేళ, చనిపోయిన అధికారుల మాట తెలిసిన మున్షీ బ్రతికి ఉండడమే కొందరికి ఇబ్బంది అయినదేమో.

మోహన్‌లాల్ ఇంగ్లండుకు వెళ్ళినాడు. అక్కడ 1846లో దోస్త్ మహమ్మద్ చరిత్రను రెండు సంపుటాలుగా ఆంగ్లంలో ప్రకటించినాడు. ఉపకారవేతనం దొరికినది గాని కొలువు మళ్ళీ దొరకలేదు. 1877లో అతడు మరణించినాడు.